రెండు కెమెరాలు, ఒక పెళ్లి, ఒక సిరిమాను: విజయనగరం స్టూడియోకి మెనూ సర్దిన కేస్ స్టడీ

విజయనగరంలో ఇద్దరు అన్నదమ్ములు కలిసి నడుపుతున్న పెళ్లిళ్ల స్టూడియో ఇది. అన్న చేతిలో సోనీ ఏ7 త్రీ, తమ్ముడి చేతిలో ఏ7 ఫోర్ ఉంటాయి. మొదటిది 2018లో వచ్చిన 24 మెగాపిక్సెల్ బాడీ, రెండోది 2021లో వచ్చిన 33 మెగాపిక్సెల్ బాడీ. రెండూ మంచి కెమెరాలే, లెన్సులకూ వంక పెట్టేది లేదు. అయినా ఒక పెళ్లి ఆల్బమ్ విషయంలో ఆడపెళ్లివారి నుంచి గట్టిగా మాట పడ్డారు.

ఫిర్యాదులు ఇవి. పెళ్లికూతురు ఒక పేజీలో చామనఛాయగా, పక్క పేజీలో పాలిపోయినట్టు ఉంది. పసుపు పసుపులా లేదు. రిసెప్షన్ ఫొటోల్లో స్టేజీ వెనక ఎల్‌ఈడీ వాల్ నిండా చారలు. తలంబ్రాల ఫొటోల్లో బియ్యం గింజలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి, వెనక ముఖాలు మసక. ఆల్బమ్ వరసలో తాళి కట్టిన తర్వాత జీలకర్ర బెల్లం పెట్టినట్టు ఉంది. అన్నిటికంటే పెద్ద గొడవ, అప్పగింతల్లో అన్న తీసిన ఫొటోలు కొన్ని అసలు లేవు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో స్టూడియోలకు కెమెరాలు సెట్ చేసి వాడకం నేర్పడం నా పని. వీళ్లు నన్ను పిలిచింది మాత్రం మెనూ కోసం కాదు. "కొత్త బాడీ కొనీమంటారా మాస్టారూ, ఉన్నదాంతోనే అయిపోద్దా?" అని అడగడానికి. ముందు పాత ఫొటోలు చూపించమన్నాను.

ఫొటోలు ఏం చెప్పాయి

నేను మెనూ మొదటి పేజీ తెరిచి ఒక్కొక్క ఆప్షన్ అర్థం చెప్పుకుంటూ పోను. అలా చెబితే సాయంత్రానికి ఇద్దరూ అలిసిపోతారు, మర్నాటికి ఏదీ గుర్తుండదు. చెడిపోయిన ఫొటోలు తీసుకుని, ఒక్కోదాని వెనక షట్టర్ స్పీడ్, ఐఎస్ఓ (వెలుగుని కెమెరా ఎంత పెంచి చూపిస్తుందో చెప్పే అంకె), షట్టర్ రకం, ఫోకస్ మోడ్ ఏమున్నాయో కంప్యూటర్‌లో చూస్తాను. మెనూలో ఎక్కడికి వెళ్లాలో ఆ ఫొటోలే చూపిస్తాయి.

చారలున్న ఫొటోలన్నీ తమ్ముడి కెమెరావి, అన్నీ సైలెంట్ మోడ్‌లో తీసినవి. మంత్రాల మధ్య టకటక చప్పుడు వద్దని పెట్టుకున్నాడు. ఆలోచన మంచిదే. సైలెంట్ మోడ్‌లో కెమెరా ఎలక్ట్రానిక్ షట్టర్ వాడుతుంది. అది సెన్సర్‌ని ఒక్కసారిగా చదవదు, పైనుంచి కిందికి వరసలు వరసలుగా చదువుతుంది. ఈ బాడీలో పై వరస నుంచి కింది వరస దాకా చేరడానికి సుమారు 1/15 సెకను పడుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైటు, చవక ఎల్‌ఈడీ బల్బు సెకనుకు 100 సార్లు ప్రకాశం పెంచి తగ్గిస్తాయి. ఆ 1/15 సెకనులో వెలుగు ఆరేడుసార్లు పైకీ కిందికీ పోతుంది. మండపంలో తీసిన ఫొటోలో చారలు లెక్కపెట్టమని తమ్ముడికే చెప్పాను. ఆరు పూర్తిగా, ఏడోది సగం కనిపించింది. కెమెరా పాడైందన్న భయం అక్కడే పోయింది.

రిసెప్షన్‌లో ఎల్‌ఈడీ వాల్ మీది చారలు మాత్రం వేరే. అవి సన్నగా, దగ్గరదగ్గరగా, లెక్కకు అందనన్ని ఉన్నాయి. ఆ ప్యానెళ్లు ప్రకాశం తగ్గించుకోవడానికి తమ దీపాలను చాలా వేగంగా ఆర్పి వెలిగిస్తాయి, ఆ వేగానికీ కరెంటు 50 హెర్ట్జ్‌కీ సంబంధం లేదు. ఈ రెండు రకాల చారలను ఒకే గాటన కడితే మందు తప్పుతుంది.

మాయమైన ఫొటోల సంగతి ఇంకా సూటిగా తేలింది. రెండు కెమెరాల్లోనూ ఫైలు పేరు కంపెనీ నుంచి వచ్చినట్టే డీఎస్‌సీ అక్షరాలతో మొదలవుతోంది. ఆ నెలలో రెండింటి నంబర్లూ ఒకే వేలల్లో నడుస్తున్నాయి. ఎడిటింగ్ దగ్గర రెండు కార్డులూ ఒకే ఫోల్డర్‌లోకి కాపీ చేస్తుండగా కంప్యూటర్ 'రీప్లేస్ చేయాలా' అని అడిగింది, అవును అన్నారు. అన్న ఫొటోల మీద తమ్ముడి ఫొటోలు వచ్చి కూర్చున్నాయి. అన్న కెమెరాలో రెండో స్లాట్ ఖాళీగా ఉండేది, మొదటి కార్డు తర్వాతి పెళ్లికి ఫార్మాట్ అయిపోయింది.

తాళి తర్వాత జీలకర్ర బెల్లం రావడానికి కారణం గడియారం. అన్న కెమెరా టైమ్ పది నిమిషాలకు పైగా ముందుంది. ఆల్బమ్ డిజైనర్ తీసిన టైమ్ ప్రకారం వరస పెట్టుకున్నాడు, అతని తప్పేం లేదు.

ఇంకొకటి వాళ్లు ఫిర్యాదుగా చెప్పలేదు గానీ ఫొటోల్లో కనిపించింది. రాత్రి తీసినవన్నీ ఒక స్టాప్ దాకా, అంటే వెలుగు సగానికి పడిపోయినంత చీకటిగా ఉన్నాయి, ఎడిటర్ లేపుకుంటున్నాడు, లేపినచోటల్లా నాయిస్, అంటే గరుకు చుక్కలు. స్క్రీన్ చూసి ఎక్స్‌పోజర్ సరిపోయిందనుకున్నామని ఇద్దరూ అన్నారు. చూస్తే రెండు కెమెరాల్లోనూ మానిటర్ బ్రైట్‌నెస్ 'సన్నీ వెదర్' మీద ఉంది. ఎండలో స్క్రీన్ కనబడటం కోసం ఎప్పుడో పెట్టి అలాగే వదిలేశారు. రాత్రి మూడింటి ముహూర్తంలో ఆ స్క్రీన్ మీద ఏ ఫొటో అయినా వెలిగిపోతూనే కనిపిస్తుంది.

ఏది ఎక్కడ ఉండాలి

అన్న ఒక మాట అన్నాడు: "ముహూర్తం కాడ మెనూలోకి ఎళ్తే తాళి అయిపోద్ది మాస్టారూ." ఈ కేసు మొత్తానికి నేను పట్టుకున్న దారి అదే. ఒక సెట్టింగ్ ముఖ్యమా కాదా అన్నది తర్వాత. అది ఎప్పుడు అవసరపడుతుందన్నది ముందు. జన్మకోసారి పెట్టేవి మెనూ లోతుల్లో ఉన్నా ఫరవాలేదు. హాల్లో అడుగుపెట్టాక ఒకసారి చూసుకోవాల్సినవి 'మై మెనూ'లో, అంటే మనకు కావలసినవి మాత్రమే పెట్టుకునే పేజీలో, ఒక్క చూపులో దొరకాలి. తాళి ముందర మార్చాల్సి వచ్చేవి అసలు మెనూలోనే ఉండకూడదు, వేలి కిందికి రావాలి.

ఇంకో కారణం కూడా ఉంది. అన్న మెనూని చదవడు, చోటుతో గుర్తుపెట్టుకుంటాడు: రెండో ట్యాబు, నాలుగో పేజీ, కిందికి మూడు. ఇది మా ప్రాంతంలో చాలామంది సీనియర్ల అలవాటు, దాన్ని నేను లోపం అనుకోను. కానీ ఏ7 త్రీలో పాత తరహా మెనూ, పేజీలు పక్కకి జరుగుతూ పోతాయి. ఏ7 ఫోర్‌లో కొత్త మెనూ, ఎడమ పక్కన రంగుల ట్యాబులు, కిందికి దిగడం, టచ్. పెళ్లిలో కెమెరాలు మార్చుకోవాల్సి వస్తే అన్నకి తమ్ముడి కెమెరా కొత్త ఊరే. అందుకని రెండు బాడీల్లోనూ మై మెనూలో ఒకే ఐటెములు ఒకే వరసలో పెట్టాం: ఫార్మాట్, రికార్డింగ్ మీడియా, మెమరీ రిజిస్ట్రేషన్, యాంటీ ఫ్లికర్, మానిటర్ బ్రైట్‌నెస్, టైమ్. బటన్లూ అంతే. సీ1 నొక్కితే రెండింట్లోనూ వైట్ బ్యాలెన్స్ (దీపం రంగు ఏదైనా తెలుపు తెలుపుగా కనబడేలా చేసే సర్దుబాటు), సీ2 నొక్కితే ఫోకస్ ఏరియా.

ఒకసారి పెట్టి వదిలేసేవాటి మీద ఎక్కువ సేపు కూర్చోలేదు. ఫైలు పేరులో మొదటి మూడక్షరాలు మార్చుకునే వీలు రెండు కెమెరాల్లోనూ ఉంది. అన్నకి ఒకటి, తమ్ముడికి ఒకటి ఇచ్చాం. నంబరింగ్ 'సిరీస్' మీదే ఉంచాం, కార్డు మార్చినా మొదటికి రాకుండా. కార్డు లేకుండా షట్టర్ పడటం ఆపేశాం. కార్డు లేకున్నా షట్టర్ పడే వీలు కంపెనీ నుంచి ఆన్‌లో వస్తుంది; కార్డు రీడర్‌లో మర్చిపోయి పెళ్లికి వచ్చి టకటకా కొట్టేసిన వాళ్లు ఈ జిల్లాలో కొందరున్నారు. మానిటర్ బ్రైట్‌నెస్ మాన్యువల్ సున్నాకి తెచ్చి, జీబ్రా 100 ప్లస్ మీద పెట్టాం. తెల్ల పంచె మీద చారలు మొదలైతే ఎక్స్‌పోజర్ హద్దు దాటుతోందని స్క్రీన్ వెలుగుతో పనిలేకుండా తెలుస్తుంది. వీడియో పాల్ సిస్టమ్‌లో, సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50. ఎన్‌టీఎస్‌సీలో 30 ఫ్రేములు, 1/60 పెట్టుకుంటే మన 50 హెర్ట్జ్ దీపాల కింద వీడియో మినుకుమినుకుమంటుంది. తమ్ముడు ఎవరో చెప్పారని అదే వాడుతున్నాడు.

అన్న కెమెరా ఫర్మ్‌వేర్, అంటే కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్, కొన్నప్పటిదే ఉంది. ఏ7 త్రీకి 2019లో వచ్చిన 3.0 వెర్షన్‌తో రియల్‌టైమ్ ఐ ఏఎఫ్, అంటే కంటిని దానంతటదే పట్టుకునే ఫోకస్, చేరింది. అంతకుముందు కంటి ఫోకస్‌కి వేరే బటన్ నొక్కి పట్టుకోవాలి. బ్యాటరీ నిండుగా ఉంచి అప్‌డేట్ చేశాక అన్న అడిగిన కొత్త కెమెరాలో సగం ఆ పాత కెమెరాలోనే దొరికింది.

కార్డుల దగ్గర కాస్త వాదన జరిగింది. తమ్ముడు అన్‌కంప్రెస్డ్ రా, అంటే కెమెరా తీసింది తీసినట్టు కుదించకుండా దాచే ఫైలు, తీస్తున్నాడు. 33 మెగాపిక్సెల్ ఫైలు అలా తీస్తే 65 ఎంబీ దాటుతుంది, కంప్రెస్డ్ అయితే దాదాపు సగం. ఏ7 ఫోర్ సెకనుకు 10 ఫొటోల వేగం ఇచ్చేది కంప్రెస్డ్ రాలోనే, మిగతా రాల్లో ఆ వేగం 6 దగ్గరికి పడిపోతుంది. పెళ్లిలో బొమ్మలాగా నిలబెట్టి తీసే గ్రూపు ఫొటోలకు అన్‌కంప్రెస్డ్ ఉపయోగం ఎంతో తక్కువ, తలంబ్రాల దగ్గర వేగం పోవడం వల్ల నష్టం ఎంతో ఎక్కువ. కంప్రెస్డ్‌కి మార్చాం. రెండు కార్డుల్లోనూ ఒకేసారి రాసేలా పెట్టాం: మొదటిదాంట్లో రా, రెండోదాంట్లో జేపెగ్. రెండో స్లాట్ కార్డు ఆల్బమ్ అచ్చయ్యే దాకా ఫార్మాట్ చేయకూడదని మాట తీసుకున్నాను. ఇది మెనూలో లేని సెట్టింగ్, అయినా మిగతావాటికంటే ముఖ్యం.

పసుపు రంగు

అన్నిటికంటే ఎక్కువ సమయం దీని మీదే పెట్టాం, పెట్టాల్సిందే కూడా. మన పెళ్లిలో పసుపు లేని చోటు ఏది? మంగళస్నానం దగ్గర అమ్మాయి ఒళ్లంతా పసుపు, మధుపర్కాల అంచు పసుపు, తాళిబొట్టు దారం పసుపు, అక్షింతలు పసుపు, బంతిపూల పందిరి. ఆటో వైట్ బ్యాలెన్స్ ఫ్రేములో ఏ రంగు ఎక్కువుంటే అది దీపానిదేమో అనుకుని దాన్ని తగ్గించబోతుంది. అమ్మాయి ముఖం దగ్గరగా తీస్తే పసుపు వెలిసిపోయి చర్మం పాలిపోతుంది. ఒక అడుగు వెనక్కి వేసి నీలం పట్టుచీరల పేరంటాళ్లను కలుపుకుంటే లెక్క మారిపోయి అదే అమ్మాయి నల్లబడుతుంది. ఈ మార్పు రెండు తరాల కెమెరాల్లో రెండు రకాలుగా జరుగుతుంది. పెళ్లికూతురి తల్లికి కోపం రావడంలో న్యాయం ఉంది.

మండపంలో దీపాలు చూడండి. పందిరి చుట్టూ వెచ్చటి బల్బులు 2700 నుంచి 3000 కెల్విన్ (ఈ అంకె పెరిగేకొద్దీ వెలుగు పసుపు నుంచి నీలం వైపు పోతుంది). వీడియో వాళ్ల లైటు 5600. హాలు ట్యూబులైట్లు 6500. ఈ మూడూ ఒకే ముఖం మీద పడుతుంటే ఏ కెమెరా మెనూలోనూ దానికి మందు లేదు. అందుకని మొదట మెనూ కాకుండా మనుషులతో మాట్లాడటం నేర్పించాను: వీడియో అతన్ని అడిగి లైటు వెచ్చదనం పందిరికి దగ్గరగా తెచ్చుకోవాలి, ఈమధ్య చాలా లైట్లలో ఆ నాబ్ ఉంటోంది, మండపం మీది ట్యూబులైట్లు రెండు ఆర్పించుకోవాలి. ఆ తర్వాత గ్రే కార్డు, అంటే ఏ రంగూ కలవని బూడిదరంగు అట్ట తీసుకుని, పెళ్లికూతురు కూర్చునే పీట మీద ముఖం ఎత్తులో పట్టుకుని, రెండు కెమెరాల్లోనూ కస్టమ్ వైట్ బ్యాలెన్స్ కొలవాలి.

గ్రే కార్డు ఎందుకు, కండువా చాలదా అని అన్న అడిగాడు. చాలదు. చాకిరేవు నుంచి వచ్చిన తెల్ల కండువాకి నీలం పెట్టి ఉంటుంది. కెమెరా ఆ నీలాన్నే తెలుపు అనుకుని, దాన్ని సరిచేయబోయి ఫొటో అంతటికీ పసుపు కలుపుతుంది. కళ్లముందే రెండూ కొలిచి చూపిస్తే ఇక ప్రశ్న రాలేదు.

మంగళస్నానం పగలు, ఆరుబయట జరుగుతుంది కాబట్టి అక్కడ 'డేలైట్' మీద కట్టేసి వదిలేయమన్నాను. రంగు కాస్త వెచ్చగా వచ్చినా అన్ని ఫొటోలూ ఒకేలా వస్తాయి, ఎడిటర్ ఒక్క దెబ్బతో సర్దుకుంటాడు. అటూ ఇటూ ఊగే రంగును ఏ ఎడిటరూ సర్దలేడు.

ఎంఆర్, అంటే మెమరీ రీకాల్ గురించి ఇక్కడే ఒక జాగ్రత్త. మోడ్ డయల్ మీద 1, 2 అంకెల దగ్గర మన సెట్టింగ్స్ మొత్తం గుర్తుపెట్టుకునే వీలుంది. ఏ7 ఫోర్‌లో 3 కూడా ఉంది. 1కి ముహూర్తం, 2కి గ్రూపు ఫొటోలు అని పంచాం. కానీ హాల్లో కొలిచిన వైట్ బ్యాలెన్స్‌ని మళ్లీ 1లో రిజిస్టర్ చేయకపోతే, డయల్ అటు తిప్పి ఇటు వచ్చేసరికి పాతదే వస్తుంది. అందుకే మెమరీ రిజిస్ట్రేషన్‌ని మై మెనూలో పైకి తెచ్చాం. కార్డులో దాచుకునే ఎం1 నుంచి ఎం4 దాకా జాగాలు కూడా ఉన్నాయి గానీ కార్డు ఫార్మాట్ చేస్తే అవీ పోతాయి. వాటి జోలికి పోలేదు.

చారలు, తలంబ్రాలు

మండపంలో సైలెంట్ మోడ్ తీసేశాం. పగటి వెలుగులో జరిగే తంతులకు దాన్ని వాడుకోవచ్చు, దీపాల కింద వద్దు. ముహూర్తానికి మెకానికల్ షట్టర్, 1/100. వెలుగు ఒక్కసారి పెరిగి తగ్గడానికి పట్టే సమయం కచ్చితంగా అంతే కాబట్టి ప్రతి ఫొటోకీ సమానంగా వెలుగు అందుతుంది. 1/250కి పోతే మెకానికల్ షట్టర్‌లో కూడా ఫ్రేము పైభాగం ఒక రంగు, కింది భాగం ఒక రంగు వచ్చే అవకాశం ఉంది. జీలకర్ర బెల్లం, తాళి, మెట్టెలు అన్నిటికీ 1/100 సరిపోతుంది, అక్కడ కదలిక తక్కువ.

తలంబ్రాలు అలా కాదు. చేతులు ఎగురుతాయి, గింజలు కురుస్తాయి, ఇద్దరూ నవ్వుతూ తల తిప్పుతారు. దానికి 1/500 కావాలి. ఇక్కడ యాంటీ ఫ్లికర్ షూటింగ్ ఆన్ చేశాం. వెలుగు శిఖరానికి చేరే క్షణం కోసం కెమెరా కాస్త ఆగి షట్టర్ వదులుతుంది. దీనివల్ల వేగం కొద్దిగా తగ్గుతుంది, బటన్‌కీ ఫొటోకీ మధ్య చిన్న ఆలస్యం తెలుస్తుంది. ఇది 100, 120 హెర్ట్జ్ మినుకును మాత్రమే గుర్తుపట్టగలదు. కరెంటు పోయి జనరేటర్ వేశారా, లోడ్ మారినప్పుడల్లా హెర్ట్జ్ అటూ ఇటూ జరుగుతుంది, కెమెరా గుర్తుపట్టలేకపోవచ్చు. జనరేటర్ చప్పుడు వినిపించగానే 1/100కి దిగిపోవాలని ఇద్దరికీ చెప్పాను.

1/100 నుంచి 1/500కి వెళ్లడానికి డయల్ తిప్పుకుంటూ కూర్చోకుండా, 'రికాల్ కస్టమ్ హోల్డ్' అనే సదుపాయాన్ని ఏఈఎల్ బటన్‌కి ఇచ్చాం. బొటనవేలితో నొక్కి పట్టుకున్నంతసేపు 1/500, కంటిన్యువస్ డ్రైవ్; వదిలేస్తే మళ్లీ 1/100, ఒక్కో ఫొటో. ఈ కెమెరాలు కొని ఏళ్లు గడిచినా ఈ ఆప్షన్ తెరిచి చూడని స్టూడియోలు చాలా ఉన్నాయి. తలంబ్రాల కోసమే పెట్టినట్టుంటుంది అది.

ఇక ఫోకస్. ఏరియా 'వైడ్' మీద ఉంటే దగ్గర్లో ఎగిరే గింజ మీదికి ఫోకస్ దూకేస్తుంది. తమ్ముడికి 'ట్రాకింగ్, స్పాట్ ఎం', అన్నకి అతని బాడీలో ఉన్న 'లాక్ ఆన్' స్పాట్ పెట్టాం. దాంతోపాటు ఏఎఫ్ ట్రాకింగ్ సెన్సిటివిటీ అనే అంకె ఉంది, 1 నుంచి 5 దాకా. 5 అంటే అడ్డొచ్చిన ప్రతిదాని మీదికీ ఫోకస్ మారడం, 1 అంటే పట్టుకున్నదాన్ని వదలకపోవడం. కంపెనీ నుంచి 3 వస్తుంది. నేను 2 పెట్టాను. 1 ఎందుకు కాదంటే, పెళ్లికూతురు లేచి నిలబడి ముందుకు వంగితే పాత దూరాన్నే పట్టుకుని వేలాడుతుంది. పురోహితుడు, మేనమామలు ఫ్రేములోకి వంగుతుంటారు కాబట్టి ముఖాల రిజిస్ట్రేషన్ కూడా వాడాం. 8 ముఖాల దాకా గుర్తుపెట్టుకునే వీలుంది. వధూవరుల ముఖాలను ముస్తాబు పూర్తయ్యాక, బాసికం కట్టకముందు తీసి రిజిస్టర్ చేసుకోమన్నాను. పెళ్లికూతురు తల దించుకుని, కళ్లు సగం మూసుకుని ఉన్నప్పుడు కంటి ఫోకస్ తడబడుతుంది. అప్పుడు కెమెరా ముఖాన్ని పట్టుకుంటే చాలు.

అన్న ఎడమ కంటితో చూస్తాడు. ఫోకస్ పాయింట్ దానంతటదే ఎక్కడికో పోతోందని అతని చిరకాల బాధ. వ్యూఫైండర్‌లో కన్ను పెడితే ముక్కు స్క్రీన్‌కి తగిలి టచ్‌ప్యాడ్ పాయింట్‌ని జరుపుతోంది. టచ్‌ప్యాడ్ ఆపేశాం. ఇన్నాళ్లూ లెన్స్ మీద వేసిన నింద తీరిపోయింది.

బ్యాక్ బటన్ ఫోకస్, అంటే షట్టర్‌తో కాకుండా వెనక బటన్‌తో బొటనవేలితో ఫోకస్ చేయడం, తమ్ముడికి పెట్టాను, అన్నకి పెట్టలేదు. షట్టర్‌ని సగం నొక్కి ఫోకస్ చేసే చెయ్యి ఆయనది, ముహూర్తం మధ్యలో దానికి కొత్త అలవాటు నేర్పబోతే ఫొటోలు పోతాయి. నిపుణులంతా బ్యాక్ బటన్ వాడతారు కాబట్టి నువ్వూ వాడు అనడం నాకు నచ్చదు. బటన్ల జాగాలు రెండు కెమెరాల్లో ఒకటే ఉండాలి. ఫోకస్ ఎక్కడి నుంచి వెయ్యాలన్నది చెయ్యి చెప్పాలి.

సిరిమాను రోజు

పెళ్లిళ్లలో ఈ సర్దుబాటు కుదిరాక, తమ్ముడు పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి కూడా ఇవే పనికొస్తాయా అన్నాడు. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం అది. ముందురోజు తొలేళ్లు ఉత్సవం. చింతమాను కొన మీద కూర్చున్న పూజారి జనం తలల మీదుగా మూడు లాంతర్ల దగ్గరి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతాడు. ముందు పాలధార, బెస్తవారి వల, తెల్ల ఏనుగు, అంజలి రథం నడుస్తాయి. ఆ జనంలో లెన్స్ మార్చే ప్రశ్నే లేదు. ఏ7 ఫోర్‌కి 70-200, ఏ7 త్రీకి 24-70 తగిలించి చివరిదాకా అలాగే ఉంచాలనుకుని దిగాం. ఏ7 ఫోర్‌లో పవర్ ఆపగానే షట్టర్ మూసుకునే ఆప్షన్ కూడా ఆన్ చేశాం, తప్పనిసరై లెన్స్ తీసినా దుమ్ము సెన్సర్ దాకా పోకుండా.

ఎంఆర్ 3ని దీనికి ఇచ్చాం. ఎం (మాన్యువల్) మోడ్, 1/1000, ఆటో ఐఎస్ఓ. మధ్యాహ్నం ఎండలో మొదలై మూడో తిరుగుడు అయ్యేసరికి వెలుగు బాగా పడిపోతుంది; ఐఎస్ఓ పై హద్దు 12800 దాకా వదిలాం, చీకటి పడేకొద్దీ తమ్ముడు షట్టర్‌ని 1/500కి, తర్వాత ఇంకా కిందికి తెచ్చుకున్నాడు. పూజారి వెనక అంతా ఆకాశమే. ఫ్రేము మొత్తం వెలుగు కొలిచే మల్టీ మీటరింగ్‌కి వదిలేస్తే ఆకాశం చక్కగా వచ్చి మనిషి నీడలా మిగిలిపోతాడు. ప్లస్ 1 కాంపెన్సేషన్, అంటే కెమెరా కొలతకంటే ఒక స్టాప్ ఎక్కువ వెలుగు పెట్టి, ఆకాశంలో జీబ్రా వచ్చినా రానివ్వమన్నాను. ఆ ఫొటోకి ఆకాశం నీలంగా ఉండకపోయినా నష్టం లేదు, పూజారి ముఖం కనబడాలి.

జనం సిరిమాను మీదికి అరటిపండ్లు విసురుతారు. దూరపు లెన్స్‌లో అవి ఫ్రేముకి అడ్డంగా దూసుకుపోతాయి. తలంబ్రాలకు పెట్టిన సెన్సిటివిటీ 2 ఇక్కడ తెచ్చిన తేడా తమ్ముడు తన పాత ఏడాది ఫైళ్లు పక్కన పెట్టి చూసుకున్నాడు: అప్పుడు అరటిపండు మీద ఫోకస్, ఇప్పుడు ఫ్రేములో పండు మసకగా ఎగురుతోంది, పూజారి ముఖం స్పష్టంగా ఉంది. కెమెరాలో ఎయిర్‌ప్లేన్ మోడ్ కూడా ఆన్ చేసి ఉంచాం. ఫోనుకు ఫొటోలు పంపుదామని కెమెరా కనెక్షన్ వదిలేస్తే బ్యాటరీ ఊరికే దిగిపోతుంది.

ఏం తేలింది, ఏం మిగిలింది

ఆ తర్వాతి పెళ్లిళ్లలో రంగు గొడవ రాలేదు. రెండు కెమెరాల ఫొటోలు పక్కపక్కన పెడితే తేడా నాకు ఇంకా కనిపిస్తుంది, ఏ7 త్రీ చర్మాన్ని ఒక పిసరు వేరేగా చూపిస్తుంది. ఎడిటర్ దానికి ఒక ప్రొఫైల్ కట్టుకున్నాడు. ఫైళ్ల పేర్లు, టైమ్ సమస్యలు పూర్తిగా పోయాయి. టైమ్ మాత్రం ప్రతి పెళ్లికి ముందు ఫోన్ చూసి సెకన్లతో సహా కలుపుకోవాలి. రెండు గడియారాలు నెలకి కొన్ని సెకన్లు దూరం జరుగుతూనే ఉంటాయి.

సెట్టింగ్స్ మొత్తం దాచుకునే ఆప్షన్ ఏ7 ఫోర్‌లో ఉంది, ఆ ఫైలుని కంప్యూటర్‌లో పెట్టుకున్నారు. దాన్ని ఏ7 త్రీకి ఎక్కించడం కుదరదు, మోడల్ వేరు. అన్న సెట్టింగ్స్ నోటు పుస్తకంలో తెలుగులో రాసిచ్చాను, ఒక్కో బటన్ పక్కన దాని పని. సర్వీసుకి వెళ్లొచ్చి కెమెరా రీసెట్ అయితే ఆ పుస్తకమే దిక్కు.

ఎల్‌ఈడీ వాల్ చారలు పూర్తిగా తీరలేదు. మెకానికల్ షట్టర్‌తో, 1/100 లేదా అంతకంటే తక్కువ వేగంతో చాలావరకు పోయాయి. కొన్ని హాళ్లలో ప్యానెల్ ప్రకాశం బాగా తగ్గించినప్పుడు సన్నటి చారలు ఇంకా పడుతున్నాయి. ప్రకాశం తగ్గించే కొద్దీ దీపం ఆరి ఉండే సమయం పెరుగుతుంది, కెమెరాకి అది దొరుకుతుంది. ఆపరేటర్‌ని అడిగి ప్రకాశం పెంచించి, మన ఐఎస్ఓ తగ్గించుకోవడం ఒక దారి. అది పనిచేసిన హాళ్లూ ఉన్నాయి, ఆపరేటర్ వినని హాళ్లూ ఉన్నాయి. మాఘమాసం పెళ్లిళ్లకి ముందే, వాళ్లు ఎక్కువగా పనిచేసే హాళ్లకి ఖాళీ రోజున వెళ్లి, వాల్ వెలిగించి, 1/50 నుంచి 1/250 దాకా వరసగా తీసి, ఏ హాలుకి ఏ వేగం అని అదే నోటు పుస్తకంలో రాసుకోవాలని అనుకున్నారు. కొత్త బాడీ కొనడం గురించి మాత్రం మళ్లీ అడగలేదు. ఆ డబ్బులో కొంత పెట్టి రెండు వేగమైన కార్డులు, ఒక గ్రే కార్డు కొన్నారు.